ఇరవై రెండు గింజల నత్తు

శృంగవరపుకోటలో ఒక నగల దుకాణంలో, పాత బంగారం కొనే కౌంటరు దగ్గర నేను ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. నగ అమ్ముకోవడానికి ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేది నేనే. తరుగు పోను ఇంతే వస్తుందని చెప్పి, వాళ్ళ మొహం చిన్నబోవడం చూసేదీ నేనే. మాది అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు వదిలి గంటసేపు నడిస్తే వచ్చే ఊరు. ఆ కొండమీంచి దిగొచ్చి బంగారం కొట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న మొదటి మనిషిని నేను. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేది.

బంగారం విలువ మూడు సంగతుల్లో ఉంటుందని మా ఓనరు నాకు మొదటి వారంలోనే నేర్పాడు. బరువెంత, రాగి ఎంత కలిసింది, ఈ రోజు రేటెంత. ఈ మూడూ తెలిస్తే ఇంక తెలుసుకోవాల్సింది ఏమీ లేదనే నేనూ నమ్మాను. వచ్చినవాళ్ళు "ఇది మా అమ్మ పెట్టిందమ్మా", "మా పెళ్ళినాటిదమ్మా" అని చెబుతూ ఉంటే తలూపుతూనే లోపల విసుక్కునేదాన్ని. అమ్మ పెట్టినంత మాత్రాన కాటా మీద అంకె పెరుగుతుందా అనిపించేది. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు. అనుకోలేదని మాత్రం చెప్పను.

కిందటి చలికాలంలో, కాఫీ పళ్ళు కోసే పని అయిపోయిన వారంలో, ఒక పొద్దున కొట్టు తలుపులు తీసేసరికి మెట్ల మీద మా మామ్మ కూర్చుని ఉంది. మామ్మంటే మా నాన్న తల్లి. డెబ్బై దాటింది, ఎంత దాటిందో తనకీ తెలియదు. ఆధార్ కార్డు మీద వేసిన పుట్టినరోజు ఎవరైనా చదివి వినిపిస్తే ఇప్పటికీ నవ్వుతుంది. మొదటి బస్సెక్కి ఒంటరిగా ఘాట్ దిగొచ్చింది. చెప్పులు మెట్ల కిందే విడిచి లోపలికొచ్చి, ఏసీ గాలికి కొంగు తలమీదికి లాక్కుని, నా ఎదురుగా నగలు అమ్మడానికొచ్చేవాళ్ళ కుర్చీలో కూర్చుంది.

"నా నత్తు అమ్మెత్తాను. ఎంతొత్తాదో సూడు," అంది.

నేను గట్టిగానే కసిరాను. ఒక్కదానివీ ఎందుకొచ్చావు, నాన్నకు చెప్పావా, డబ్బు కావాలంటే నన్నడగలేవా అని. పక్క కౌంటరులో అమ్మాయిలు చూస్తున్నారని కూడా నా బాధ. మామ్మ అంతా విని, "అయిపోనాదా?" అంది. "మీ నాన్నకి సెప్పినాను. నీ ముక్కు, నీ ఇట్టం అన్నాడు."

మామ్మ ముక్కుకి ఎడమవైపు ఒక బంగారపు నత్తు ఉండేది. రూపాయి కాసంత గుండ్రం, అడుగున మూడు చిన్న పూసలు. మా నాన్న పుట్టకముందు నుంచీ అది అక్కడే ఉంది. నాకు తెలిసి ఒక్క రోజు కూడా తీయలేదు. అది లేకుండా మామ్మ మొహం ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఎందుకు అమ్మడం?" అని అడిగాను.

"సగం మా గుంటది. దానికి ఇచ్చెయ్యాల."

గుంటంటే మామ్మ చెల్లెలు. మాకు చిన్నమామ్మ. ఆమెకీ డెబ్బై దగ్గరికొచ్చాయి, మనవలున్నారు, పళ్ళు సగం ఊడిపోయాయి. అయినా మామ్మకి ఆమె ఇంకా గుంటే, చిన్నపిల్లే. ముంచింగిపుట్టు అవతల ఒక ఊళ్ళో ఉంటుంది. ఆ నెలలోనే ఆమెకి ఆయాసం వచ్చి పాడేరు ఆసుపత్రిలో పెట్టి, మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళారని కబురొచ్చింది. కబురు విన్న దగ్గర నుంచీ మామ్మకి నిద్ర లేదట. ఎవరు ముందు పోతారో తెలియదు కాబట్టి, ఇద్దరూ ఉండగానే వాటా తెగిపోవాలని ఆమె పట్టు.

ఆ నత్తులో వాటా ఉందన్న సంగతే నేను అప్పుడు మొదటిసారి విన్నాను. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి కాని రోజుల్లో రెండేళ్ళపాటు అడవిలో విస్తళ్ళకి అడ్డాకులు కోసి కట్టలు కట్టారట. పిప్పళ్ళు ఏరి ఎండబెట్టారట. తలమీద మోసుకుని అరకు సంతకు దిగి, వచ్చిన డబ్బు వచ్చినట్టే అక్కడ ఒక కంసాలికి ఇచ్చేవారట. ఆయన మైదానం నుంచి రేకుపెట్టె భుజాన వేసుకుని వచ్చేవాడు. చెరొకటి చేయమంటే, ఈ డబ్బుకి రెండు చేస్తే రెండూ మొహాన కనపడవు, ఒకటే చేయించుకోండి అన్నాడు. పెద్దదానికి ముందు పెళ్ళి కాబట్టి పెద్దది పెట్టుకుంది. చిన్నదాని పెళ్ళి నాటికి ఇద్దరూ కలిసి మరొకటి చేయిద్దామనుకున్నారు. పెళ్ళయ్యాక మామ్మకి ఇల్లు, పిల్లలు, పోడు వ్యవసాయం. చిన్నమామ్మ గిల్టు నత్తుతోనే పెళ్ళిపీటల మీద కూర్చుంది. ఆ తరవాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"అయితే నత్తే ఇచ్చెయ్యొచ్చు కదా ఆమెకి?" అన్నాను.

మామ్మ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "మొత్తం ఇచ్చెత్తే నా కట్టం ఏటవుతాది? నానంత మంచిదాన్ని కాదే," అంది.

మా కొట్లో నగలు విప్పే పనివాడు కట్టరు తెచ్చాడు. ఏళ్ళ తరబడి తీయని ఉంగరాలూ కడియాలూ అతనే కోసి తీస్తాడు. ఒక్క నిమిషం పని అన్నాడు. మామ్మ ముక్కు మీద అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

"కోత్తే పొడి రాల్తాది. ఆ పొడి ఎవులి వాటా?"

పనివాడు నా వైపు చూశాడు. ఆరేళ్ళలో ఆ కౌంటరు దగ్గర ఎన్నో రకాల బేరాలు విన్నాను గాని, ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. మా ఓనరు నవ్వి, తీసుకెళ్ళి నెమ్మదిగా విప్పుకుని రేపు తీసుకురా అన్నాడు. నేను ఒకపూట సెలవు పెట్టి, పనివాడి దగ్గర రెండు సన్న పట్టకార్లు అడిగి తీసుకుని, మామ్మని బస్టాండు వెనక నా అద్దె గదికి తీసుకొచ్చాను.

అన్నం తిన్నాక గుమ్మం దగ్గర ఎండ పడేచోట చాప వేసి, మామ్మ తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. వేడినీళ్ళలో గుడ్డ ముంచి ముక్కు చుట్టూ కాపడం పెట్టాను. కొబ్బరినూనె చుక్కచుక్కగా వేశాను. నత్తు కొసలు రెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి గట్టిగా నొక్కేసి ఉన్నాయి. గీతలు పడకుండా పట్టకార్ల నోటికి దారం చుట్టాను. మామ్మ మొహాన్ని నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. చిన్నప్పుడు చూసే ఉంటాను, గుర్తు లేదు. బుగ్గ మీద పచ్చబొట్టు చుక్క ఒకటి ముడతలోకి పోయి దాక్కుంది. ఆమె దగ్గర ఎప్పుడూ వచ్చే చుట్టపొగ వాసన, పసుపు వాసన వచ్చాయి. రోజూ ఎంతమంది మెడల్లోంచో చేతుల్లోంచో నగలు విప్పే నాకు, ఆ మధ్యాహ్నం ఏడుపొచ్చింది.

మామ్మ కళ్ళు మూసుకునే ఉంది. "ఏడిత్తే సెయ్యి వొణుకుతాది. తీసినాక ఏడు," అంది.

గంటన్నర పట్టింది. కొస విడిపోయి నత్తు నా అరచేతిలోకి వచ్చినప్పుడు మామ్మ ఒకసారి గాలి పీల్చుకుంది. ముక్కు మీద అది ఉన్నచోట సన్నగా తెల్లటి గీత మిగిలింది. నా అద్దం తెమ్మని చూసుకుని, "ఈ ముసిల్దెవుతే?" అంది. ఇద్దరం నవ్వాము. తరవాత లేచి, మూల ఉన్న కొండచీపురులోంచి ఒక పుల్ల తుంచి, నూనెలో ముంచి ముక్కు రంధ్రంలో దోపుకుంది. మా వైపు ముక్కు కుట్టిన ఆడపిల్లలకి, నగ అమరేదాకా రంధ్రం పూడిపోకుండా అలాగే పుల్ల పెడతారు. డెబ్బై ఏళ్ళ మనిషి ముక్కుకి పుల్ల చూస్తే నాకు నవ్వొచ్చింది.

మర్నాడు కొట్లో నత్తుని కాటా మీద పెట్టాను. రెండు గ్రాముల ఇరవై ఎనిమిది పాయింట్లు అని ఎర్ర అంకెలు వచ్చాయి. చదివి చెప్పాను. మామ్మ ఆ అంకెల వైపు చూడనైనా లేదు. రొంటిలోంచి ఒక గుడ్డ మూట తీసి నా ముందు బల్ల మీద విప్పింది. నిండా గురివింద గింజలు. ఎర్రగా, కొస నల్లగా, నిన్న కోసినట్టు మెరుస్తున్నాయి.

"ఇరవై రెండు. లెక్కెట్టుకో. వీటితో తూసినాడు ఆ కంసాలి. సదువు రాదు కదా మాకు, కాయితం ఎందుకని ఇవే మూటగట్టి ఇచ్చినాడు. ఎప్పుడు అమ్ముకున్నా ఇరవై రెండు గింజల బంగారం అని సెప్పమన్నాడు."

అంటే అది రసీదు. యాభై ఏళ్ళకు పైగా చోళ్ళ కుండలో, రాగుల అడుగున, దాచిన రసీదు. నేను ఇచ్చే రసీదులు రెండు నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి.

"ఈటితోనే తూయి," అంది మామ్మ.

మా కొట్లో ఒక పాత త్రాసు ఉంది. ఓనరు తాతగారిదట. గాజు పెట్టెలో పెట్టి ఉంచుతారు, లక్ష్మీపూజ రోజు కుంకుమ పెట్టడానికి తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు. నేను భయపడుతూ అడిగితే ఓనరు తానే దించి, దుమ్ము తుడిచి, నిటారుగా పట్టుకున్నాడు. ఒక చిప్పలో గింజలన్నీ పోశాము. రెండో దాంట్లో నత్తు వేశాము. నత్తు చిప్ప పైకి లేచిపోయింది.

మామ్మ ఒక గింజ తీసింది. చిప్ప కదిలింది గాని దిగలేదు. ఇంకొకటి తీసింది. మూడోది తీశాక రెండు చిప్పలూ సమానంగా నిలిచాయి. మిగిలిన మూడు గింజల్ని అరచేతిలో పెట్టుకుని మామ్మ చూసింది ఓనరు వైపు కాదు, నా వైపు.

"మూడు గింజలు ఏటయిపోనాయి?"

ఆ చూపు నాకు గుచ్చుకుంది. నిన్నంతా నత్తు నా దగ్గరే ఉంది. పట్టకార్లు పట్టింది నేనే. నగల దుకాణంలో పనిచేసేవాళ్ళ గురించి జనం ఏమనుకుంటారో నాకు తెలుసు. కాని నా మామ్మ కూడా ఒక క్షణం అలా అనుకుందేమో. అడగలేదు ఆమె. నేనే, కొంచెం గట్టిగా, అరిగిపోయింది మామ్మా అన్నాను.

"కత్తి నూరితే అరుగుతాది. ముక్కు మీదున్నది ఎందుకు అరుగుతాది?"

నాకు తెలిసినంతా చెప్పాను. బంగారం మెత్తటిది, మొహం కడిగినప్పుడల్లా, కొంగుతో తుడుచుకున్నప్పుడల్లా కంటికి కనపడనంత పోతుంది, అలా ఇన్నేళ్ళలో మూడు గింజల ఎత్తు పోయింది అన్నాను. గాజులూ తాళిబొట్లూ కూడా అరుగుతాయని, రోజూ చూస్తామని ఓనరు కూడా అన్నాడు. మామ్మ వింటూ చూపుడువేలితో ఆ మూడు గింజల్నీ అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది.

"మరి అరిగిందంతా ఎటెల్తాది?"

మా ట్రైనింగులో అది చెప్పలేదు. మామ్మే తనలో తాను తేల్చుకున్నట్టుగా అంది. "మీ నాన్న పాలు తాగినన్నాళ్ళూ దీన్నే పట్టుకుని లాగీవోడు. నోట్లో కూడా ఎట్టుకునీవోడు. ఒక గింజ ఆడే తినేసుంటాడు."

ఓనరు పెద్దగా నవ్వాడు. నాకూ ఊపిరి ఆడింది. గీటురాయి మీద గీసి, మిషనులో పెట్టి, రాగి కాస్త ఎక్కువే కలిసిందని చెప్పాను. ఆ కంసాలి మోసం చేశాడనుకుంటుందేమోనని భయపడ్డాను. "మెత్తగా ఉంటే కట్టెలమోపు తగిలి ఒంగిపోతాదని ఆడే సెప్పి కలిపినాడు. రాగి ఇద్దరికీ సమానమే కదా," అని వదిలేసింది. ఆ తరవాత నేను నా తెలివి చూపించుకున్నాను. మొత్తం పంతొమ్మిది గింజలు మామ్మా, సగం చేస్తే నీకు తొమ్మిదిన్నర, చిన్నమామ్మకి తొమ్మిదిన్నర, అని కాగితం మీద రాసి కూడా చూపించాను.

మామ్మ కాగితం పక్కకి నెట్టేసింది. చిప్పలోంచి గింజలన్నీ బల్ల మీద పోసి, లెక్కపెట్టి పదకొండు ఒక కుప్పగా తోసింది. మిగిలినవి ఎనిమిది.

"పదకొండు దానియి. అది ఇచ్చినప్పుడు పదకొండే ఇచ్చినాది. అరిగింది నా ముక్కు మీద. ఎట్టుకున్నది నాను, మొగుడికీ ఊరికీ సూపించుకున్నది నాను. దాని వాటాలోంచి అరుగు ఎలాగ తీత్తావు?"

ఆరేళ్ళుగా ఎందరి బంగారంలోంచో తరుగు తీశాను. ఆ పోయినదాన్ని అనుభవించిందెవరు, దాని లెక్క ఎవరి మీద వెయ్యాలి అని ఒక్కసారి కూడా అనుకోలేదు. నాకు సిగ్గేసింది. మామ్మ మీద ప్రేమ కూడా పొంగుకొచ్చింది, కౌంటరు అడ్డం ఉండబట్టి గాని అక్కడే కౌగలించుకునేదాన్ని.

ఆఖరు ప్రయత్నంగా నత్తు నేనే కొనుక్కుంటానన్నాను. నెల జీతం పోతే పోయింది, అది కరిగించే మూసలోకి పోకుండా ఉంటుందని. మామ్మ ఒప్పుకోలేదు. "నువ్వు కొని దాసుకుంటావు, రేపు నీ సెల్లి నాకేదంటాది. మళ్ళీ వాటాలు మొదలు," అంది. డబ్బుని ఆ లెక్కనే రెండు కవర్లలో పెట్టించుకుంది. ఒక కవరులో పదకొండు గింజలు, రెండోదాంట్లో ఎనిమిది వేసింది. ఎవరిదేదో చదువు లేకపోయినా తెలుస్తుంది. మిగిలిన మూడు గింజలూ నాకిచ్చింది.

ఆదివారం ఇద్దరం చిన్నమామ్మ ఊరికి బయలుదేరాము. అరకులో ఒక బస్సు, పాడేరులో ఒక బస్సు మారి, ముంచింగిపుట్టులో జీపెక్కాము. దారంతా మామ్మ రొంటి మీద చెయ్యి తియ్యలేదు. నన్ను చూడకుండా కిటికీలోంచి చూస్తూ ఒకసారి, "అది తిడితే నువ్వు అడ్డం రాకు," అంది. ఎందుకు తిడుతుందన్నాను. యాభై ఏళ్ళు ఆలస్యం చేసినందుకంది. అప్పుడు అర్థమైంది నాకు. కాఫీ తోటలో రోజంతా వంగి పనిచేసే మనిషి, దేనికీ బెదరని మనిషి, చెల్లెలి మొహం చూడడానికి భయపడుతోంది. చిన్నమామ్మ మా ఇంటికి ఎప్పుడో గాని ఎందుకు రాదో మామ్మ తనకు తానే కారణం చెప్పుకుని, అన్నేళ్ళు మోసింది.

చిన్నమామ్మ వాకిట్లో ఎండలో కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. ఎదురుగా చేటలో చోళ్ళు ఆరబోసి, కోళ్ళని అదిలించడానికి కర్ర పక్కన పెట్టుకుంది. అక్కని చూసి లేవబోయి, ఆయాసంతో మళ్ళీ కూలబడింది. దగ్గరికి వచ్చాక మొహంలోకి చూసి, "అప్పా, నత్తేది? ముసిల్దానివి పుల్లెట్టుకున్నావేటే?" అంది.

మామ్మ నేల మీద కూర్చుని, ముందూ వెనకా ఏమీ చెప్పకుండా పదకొండు గింజల కవరు చెల్లెలి ఒళ్ళో పెట్టింది. "నీ వాటా," అంది. తరవాత సంగతంతా, కంసాలి మూట దగ్గర నుంచీ త్రాసు దాకా నేను చెప్పాను. మామ్మ ఎటో చూస్తూ కూర్చుంది. తిట్టు కోసం ఎదురుచూస్తున్నట్టు తల కొంచెం వంచుకునే ఉంది.

చిన్నమామ్మ కవరులోంచి గింజలు తీసి లెక్కపెట్టుకుంది. "పదకొండూ ఉన్నాయి. అరిగిందో?"

"నా లెక్కలో ఏసుకున్నాను," అంది మామ్మ. "నా ముక్కు మీదే కదా అరిగింది."

"నీ ముక్కు మీదే అని నీకెవులు సెప్పినారు?"

మామ్మ తలెత్తింది.

చిన్నమామ్మ నెమ్మదిగా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. మా నాన్న పుట్టాక మామ్మకి పురుటి జ్వరం వచ్చి నెల్లాళ్ళు తెలివి లేకుండా పడుందట. ముక్కు వాచిపోతే వాళ్ళమ్మే నత్తు విప్పి, చోళ్ళ కుండలో దాచింది. ఆ రోజుల్లో దాని కొస ఇంకా విప్పడానికి వీలుగానే ఉండేది. సాయానికొచ్చిన చిన్నమామ్మ దాన్ని కుండలోంచి తీసి పెట్టుకుంది. వాళ్ళమ్మ చూసి కూడా ఊరుకుంది.

"నెల్లాళ్ళూనా?" అంది మామ్మ.

"నువ్వు లెగిసి గంజి తాగిన రోజునే తీసి కుండలో ఎట్టేసినాను."

"సంతకి?"

"రెండు సంతలకి ఎట్టుకెల్లినాను. పండక్కి అందరితో దింసా ఆట ఆడినప్పుడూ ఎట్టుకున్నాను. నీకు సెప్పనేదు. దొంగతనవే కదా. నాను వాటా మాటెత్తితే ఇది కూడా సెప్పవలసొత్తాదేమో అని, నానెప్పుడూ అడగనేదు. మీ ఇంటికొత్తే ఆ నత్తే కనపడతాది. అందుకే రానేదు."

మామ్మ మొహం కందిపోయింది. "నాను బతుకుతానో సత్తానో తెలీకుండా పడుంటే, నా నత్తెట్టుకుని దింసా ఆడినావేటే?"

"ఆడినాను," అంది చిన్నమామ్మ. ఆమె కళ్ళు నిండిపోయాయి గాని గొంతు మాత్రం మొండిగానే ఉంది. కవరు నా వైపు చాపింది. "ఓలె గుంటా, నువ్వు లెక్కలు తెలిసినదానివి కదా. ఆ అరిగినదాంట్లో నా నెల్లాళ్ళూ ఉన్నాయి. ఎంతయితే అంత తీసి మీ మామ్మకియ్యి."

ఒక్క నెలలో అరిగేది ఎంత ఉంటుంది. మా కొట్లో కాటాకి దొరకదు, త్రాసుకి దొరకదు, ఏ లెక్కకీ రాదు. ఆ మాటే చెప్పాను. ఆమె వినలేదు, కవరు వెనక్కి తీసుకోలేదు. చివరికి నేను అందులోంచి ఒక పది రూపాయల నోటు తీసి మామ్మ చేతిలో పెట్టాను. మామ్మ దాన్ని పట్టుకున్నదే గాని చూడలేదు. ఆమె చెల్లెలి మొహాన్ని చూస్తోంది. ఎండిపోయిన ఆ మొహంలో పదిహేడేళ్ళ పిల్లని వెతుకుతున్నట్టు చూస్తోంది. ఒక కోడి వచ్చి చేటలో రెండు గింజలు పొడుచుకుని పోయింది. ఇద్దరిలో ఎవరూ అదిలించలేదు.

"నీకు బాగుందేటే?" అని అడిగింది మామ్మ.

చిన్నమామ్మ వేలితో తన ముక్కు మీద ఒకసారి తడుముకుంది.

"సంతలో అందరూ నీకన్నా నాకే బాగుందన్నారప్పా."

మామ్మ పది రూపాయలు రొంటిలో దోపుకుని, చెల్లెలికి ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.

"అనే ఉంటారు," అంది. "నీది సన్నటి ముక్కు."